నల్ల బానెట్ మీద ఎడమ చెయ్యి

కార్లకు క్లియర్ ఫిల్మ్ వేసే పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగేది ఒకటే. బుడగలు రాకుండా ఎలా వేయాలి పెంచలన్నా అని. ఆ సంగతి కొన్నాళ్లకు మీ చేతికే తెలిసిపోతుంది కాబట్టి దాని గురించి నేను రాయడం లేదు. నీళ్లు ఎంత కొట్టాలి, రబ్బరు పలక ఏ వాటంలో లాగాలి అన్నది కూడా ఇప్పుడు ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారు. ఫోన్లో చూపించనివి రెండు మూడు ఉన్నాయి. అవి రాసిపెడితే ఎవరికైనా పనికొస్తాయేమోనని మొదలుపెట్టాను.

నేను నెల్లూరులో డెంటింగు, పెయింటింగు పనిలో పెరిగినవాడిని. సగం వయసు రంగు వాసనలోనే గడిచింది. ఆ తర్వాత మా ఊరికి కూడా ఈ ఫిల్మ్ వచ్చింది. రంగు మీద గాజులాంటి పొర ఒకటి అంటిస్తే రాయి తగిలినా, ఉప్పు గాలి తగిలినా రంగుకు ఏమీ కాదంటే మొదట్లో నేను నవ్వాను. మా సముద్రపు గాలి ఇనప గేట్లనే తినేస్తుంటే ఈ ప్లాస్టిక్ కాగితం ఏం ఆపుతుందని వెటకారం చేశాను. తర్వాత రిటైరయ్యే దాకా అదే పని చేశాను.

గది సంగతి

ఈ పనిలో మిమ్మల్ని ముందుగా ఇబ్బంది పెట్టేది గది. కిటికీ ఉండదు. దుమ్ము లేస్తుందని ఫ్యాను పెట్టరు. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. నెత్తిమీద వరసగా ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. బయట కృష్ణపట్నం పోర్టు లారీలు పోతుంటే ఆ మోత గోడలో నుంచి సన్నగా వినిపిస్తుంది కానీ లోపల మీ ఊపిరి తప్ప ఇంకో శబ్దం ఉండదు.

తెల్ల కారయితే ఫరవాలేదు. నల్ల కారు మీద పొద్దస్తమానం వంగి పనిచేయడం వేరే సంగతి. రంగు అద్దంలా ఉంటుంది. మీ ముఖం కనిపిస్తుంది, మీ వెనక గోడ కనిపిస్తుంది, మీ వెనక ఎవరో నిలబడినట్టు కూడా కనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, మీ నీడే తలుపు దగ్గర విరిగి అలా పడి ఉంటుంది. నాకూ, నా జోడీ ఖాదర్‌కూ ఇది బాగా అలవాటే. అయినా ఖాదర్ నల్ల కారు వచ్చిన ప్రతిసారీ గదిలోకి అడుగుపెట్టే ముందు దగ్గేవాడు. ఎందుకురా అంటే, లోపల ఎవరన్నా ఉంటే లేచిపోతారని అనేవాడు. నేను నవ్వేవాడిని కానీ ఒక్కడినే పోవాల్సి వస్తే నేనూ దగ్గేవాడిని.

భయం వేస్తే సిగ్గుపడకండి. ఆ గదిలో భయం వేయకపోతే మీరు కారును సరిగ్గా చూడటం లేదని అర్థం.

మా ఓనరు, బొట్టు గొడవ

మా ఓనరు సుధాకర్ గారి నోరు మంచిదే, చెవి మాత్రం కాదు. కస్టమరు ఏం చెప్పినా వినేవాడు కాదు. ఫిల్మ్‌లో ఏ తేడా వచ్చినా ఆయన దగ్గర ఒకటే జవాబు: "ఇదంతా క్లైమేట్ సార్." అంచు లేచినా క్లైమేటే, మరక పడినా క్లైమేటే. ఇప్పటికీ నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. తెలియనప్పుడు తెలియదని చెప్పండి, కస్టమరు మిమ్మల్ని కొట్టడు.

కానీ ఆయన పెట్టిన పద్ధతి ఒకటి నాకు నచ్చేది. ఫిల్మ్ వేసే ముందు కారువాళ్లను వాళ్ల దేవుణ్ణి వాళ్లు తలుచుకోనిచ్చేవాడు. టైరు కింద నిమ్మకాయ పెట్టేవాళ్లు పెట్టుకునేవారు, పాస్టరు గారిని తెచ్చుకున్నవాళ్లు ప్రార్థన చేయించుకునేవారు. రంగు మీద మాత్రం ఏదీ పూయకూడదు. ఒకసారి కోవూరు వైపు పెద్దాయన ఒకరు మేము ఆఖరిసారి తుడిచి అటు తిరిగిన క్షణంలో బానెట్ మూలన చిటికెడు కుంకుమ పెట్టేశాడు. చూసుకోకుండా దాని మీదే ఫిల్మ్ వేశాం. తర్వాత చూసి నేను తల పట్టుకుంటే ఆయన సంబరపడిపోయాడు. ఎన్ని వానలు పడినా ఆ బొట్టు చెక్కు చెదరలేదు. అప్పటి నుంచి ప్రతి కస్టమరుకూ నేనొక మాట చెప్పేవాడిని. "ఒకసారి ఈ పొర కింద చేరింది ఇంక నీళ్లకు పోదు, ఎండకు పోదు. ఏమన్నా ఉంటే ఇప్పుడే తుడిపించుకోండి."

ఆ మాట నేను అందరికీ గట్టిగా చెప్పేవాడిని. దాన్ని ఎవరెవరు వింటున్నారో చూసుకునేవాడిని కాదు.

కోట నుంచి వచ్చిన కారు

రూబేను కోట దగ్గర రొయ్యల గుంటలు చేస్తాడు. ముప్పై దాటి ఉంటాయి, మాట మెత్తన. నేలకు ఆనుకుని పోయే రెండు తలుపుల నల్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. మా రోడ్ల మీద దాన్ని చూస్తే నాకు జాలేసింది. అయితే మేమంతా వింతగా చూసింది కారును కాదు, దాని వెనక వచ్చిన జీపును. అంత వేగంగా పోగల కారు ఎద్దులబండిలా మెల్లగా వచ్చి ఆగింది. దాని వెనకనే పాత జీపు ఒకటి వచ్చి ఆగింది. అందులో వెనక సీట్లో తెల్ల చీర కట్టుకున్న పెద్దావిడ ఉంది. దిగలేదు.

"మా అమ్మ, కరుణమ్మ," అన్నాడు రూబేను. "దిగదులే అన్నా. ఈ కారు ఉండే చోటికి రాదు."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చింది?"

"నేను ఈ కారులో బయటికి పోతే ఇంట్లో ఉండలేదు. వెనక వస్తానే ఉంటాది."

ఫిల్మ్‌ను సైజుకు కోస్తుండగా మిగతాది చెప్పాడు. అతనికి దానియేలని అన్న ఉండేవాడు. బైపాస్ మీద కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ దానియేలుకు ఇలాంటి నల్ల కారు కావాలని పిచ్చి. ఫోన్లో బొమ్మ పెట్టుకుని తిరిగేవాడు. అన్న కోరిక కదా అని రూబేను కొన్నాడు. తల్లికి మాత్రం ఒక కొడుకును తీసుకున్నది చాలక రెండోవాడి కోసం వచ్చిన కారులాగా కనిపించింది. ప్రార్థన కూటంలో అందరి ముందూ లేచి నిలబడి, ఆ బండిని నా చేత్తో ముట్టను, అందులో కాలు పెట్టను అని దేవుడికి మాటిచ్చేసింది. ఆమె మాట ఇస్తే ఇచ్చినట్టేనట.

నేను మామూలుగా చెప్పే మాట రూబేనుకు కూడా చెప్పాను, ఈ పొర కింద చేరింది ఇంక పోదని. గది షట్టరు సగం ఎత్తి ఉంది. జీపు దానికి ఆనుకునే నిలిపి ఉంది.

బానెట్ ముక్కను బల్ల మీద పరిచాం. మా షాపులో పద్ధతి ఏమిటంటే, ఫిల్మ్ జిగురు వైపు పైకి ఉండేలా వెల్లకిలా పరిచి, మీద నీళ్లు కొట్టి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని తిరగేసి కారు మీద బోర్లా వేస్తాం. నీళ్లు కొట్టేశాం. తిరగేయబోతుండగా కరెంటు పోయింది. పట్టపగలే అయినా ఆ గదిలో కరెంటు పోతే షట్టరు కింద నుంచి వచ్చే కాస్త వెలుగు తప్ప ఏమీ ఉండదు. జనరేటరు మొరాయించింది. ఖాదర్, నేను వెనక్కి పోయి దానితో కుస్తీ పడుతుంటే రూబేను ఫోన్ లైటు పట్టుకుని మా దగ్గర నిలబడ్డాడు.

దీపాలు వచ్చాక గదిలోకి పోతే ఏదో వాసన తగిలింది. అత్తరు కాదు, వంట నూనె కాదు, రెండూ కలిసినట్టు ఉంది. ఖాదర్ కూడా ముక్కు ఎగబీల్చి నా ముఖం చూశాడు. బల్ల చుట్టూ ఎవరూ లేరు, నేల ఎలాగూ తడే. ఫిల్మ్ ఆరిపోతుందని గబగబా మళ్లీ నీళ్లు కొట్టి తిరగేసి వేసేశాం. కొత్తగా వేసిన ఫిల్మ్ కొన్నాళ్లు పాలు కలిపినట్టు మసకగా ఉంటుంది. లోపలి తడి ఆరాకే అసలు రూపం తెలుస్తుంది.

ఫోన్లో వచ్చిన ఫోటో

ఎండలు తగిలి మసక విడిపోయాక రూబేను ఒక ఫోటో పంపాడు. కింద ఏమీ రాయలేదు.

నల్ల బానెట్ మీద, డ్రైవరు వైపు మూలన, చెయ్యి ఉంది. అయిదు వేళ్లూ విడివిడిగా, అరచేయి నిండుగా, తెల్లటి పొగలాగా ఉంది. మా షాపులో ఎవరి చెయ్యో పడిందనుకుని, ఫోటోలో కొలతకని రూబేను పక్కన ఆనించిన చేతితో పోల్చి చూశాను. అంతకంటే పెద్దది, మాలో ఎవరికీ అంత చెయ్యి లేదు. ఖాదర్ ఫోటో చూసి ఫోన్ నాకిచ్చేసి, పోయి చేతులు కడుక్కుని వచ్చాడు.

వెంటనే ఫోన్ చేశాను. "పైన తుడిచి చూసినావా?"

"పైన కాదన్నా, లోపల ఉండాది. పెంచలన్నా, అది ఎడమ చెయ్యి."

"అయితే?"

"మా అన్నది ఎడమచేతి వాటం. ఏ బండి ఎక్కినా ముందు ఆ మూలనే ఎడం చేత్తో ఒక తట్టు తట్టి ఎక్కుతాడు. సరిగ్గా ఆడనే."

సుధాకర్ గారికి చెబితే ఆయన ఫోటో వైపు చూడకుండానే క్లైమేట్ అన్నాడు. పీకేసి కొత్తది వేసి రమ్మన్నాడు. నేను పోవడానికి కొన్నాళ్లు వెనకాడాను, ఎందుకో రాయక్కర్లేదు. ఈలోగా అటు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు, రూబేను గుంటల వైపు పోవడం మానేశాడని, కారు షెడ్డులో పెట్టి దాని దగ్గరే కూర్చుంటున్నాడని, తిండి కూడా సరిగ్గా తినడం లేదని. అప్పుడు భయం కంటే సిగ్గు ఎక్కువయింది. ఫిల్మ్ ముక్కలు, హీట్ గన్, సీసాలు సంచిలో వేసుకుని కోట బస్సెక్కాను.

షెడ్డులో

నేను చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆరోజు శ్రీహరికోటలో రాకెట్ వదులుతున్నారు. గుంటల గట్ల మీద, మేడల మీద జనం దక్షిణం వైపు తిరిగి నిలబడి ఉన్నారు. రూబేను ఒక్కడే ఎటూ చూడకుండా షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. బయట గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిలుకుతున్న చప్పుడు ఆగకుండా వస్తోంది.

"పీకడానికి వచ్చినావా అన్నా?"

"చూద్దామని వచ్చినా."

"వాడు నన్ను పోవద్దంటుండాడు. ఇది నడపొద్దురా తమ్ముడా అని చెయ్యి అడ్డం పెట్టినాడు. ఇంకేం చూస్తావు?"

"మీ అమ్మకు చెప్పినావా?"

"చెప్తే బతుకుతాదా? ఆమె ఎట్టాగూ ఈ గడప తొక్కదు."

నేను వంగి చూశాను. షెడ్డు మసకలో ఏమీ కనిపించలేదు, నా ముఖం తప్ప. అంతలో బయట జనం హోరుమన్నారు. దక్షిణం వైపు నుంచి నారింజ రంగు వెలుగు షెడ్డు వాకిట్లోంచి నేల బారుగా లోపలికి వచ్చింది. బానెట్ మొత్తం నల్లగానే ఉండి, ఆ మూలన చెయ్యి మాత్రం లేచింది. లేచిందనే రాస్తాను, ఎందుకంటే నాకు అలాగే కనిపించింది. గీతలతో సహా, లోపల నుంచి ఎవరో అద్దానికి అరచేయి ఆనించినట్టు ఉంది. కాసేపటికి ఆ మోత మా దాకా వచ్చింది. రేకుల కప్పు దడదడలాడింది, కారు కూడా సన్నగా వణికింది, చెయ్యి వేళ్లు కదిలినట్టయింది. దేవుడి పేరు తలుచుకున్నానని రాయడానికి నాకు నామోషీ ఏమీ లేదు.

వెలుగు తగ్గాక ఊపిరి పీల్చుకుని, పని తెలిసినవాణ్ణి కదా అని నాకు నేనే చెప్పుకుని, టార్చి వేసి పక్క వాటంగా చూశాను. అప్పుడు ఒకటి కనిపించింది. మిగతా ఫిల్మ్ అంతా కొత్తగా మెరుస్తోంది, ఆ చెయ్యి ఉన్నచోట మాత్రం పైభాగం నిగారింపు పోయి ఉంది. రోజూ మనిషి చెయ్యి రాసుకుంటే అలా అవుతుంది. నేను రూబేను వైపు చూస్తే తల దించుకున్నాడు. భయంతో దూరంగా కూర్చోలేదు అతను, రోజూ వచ్చి ఆ చేతి మీద చెయ్యి పెడుతున్నాడు.

అంచు ఒకటి లేపుతానంటే వద్దనలేదు. వేడి తగిలించి మూలన కొద్దిగా ఎత్తాను. ఆ అచ్చులో మణికట్టు వైపు మరక ఫిల్మ్‌తో పాటు పైకి వచ్చింది. కింద రంగు శుభ్రంగా ఉంది. అంటే ఈ చెయ్యి కారు మీద పడలేదు. ఫిల్మ్ జిగురు మీద, అది మా బల్ల మీద వెల్లకిలా ఉన్నప్పుడు పడింది. ముక్కు దగ్గరగా పెడితే సన్నగా వాసన, అత్తరు, నూనె కలిసినట్టు. అదే వాసన నా వెనక నుంచి కూడా వస్తోందని అప్పుడు తెలిసింది.

తిరిగి చూశాను. నా జన్మలో తలుపు దగ్గర నిజంగా మనిషి నిలబడి ఉండటం అదొక్కసారే. గడప అవతల తెల్ల చీరలో కరుణమ్మ. చేతిలో అత్తరు కలిపిన ప్రార్థన నూనె బుడ్డి.

"కప్పు ఊగిందే, బిడ్డ ఎట్టుండాడోనని వచ్చినా," అంది.

నేను సంచిలోంచి ఫిల్మ్ ముక్క తీసి, జిగురు వైపు పైకి పెట్టి, నీళ్లు కొట్టి గడప దగ్గరకు తీసుకుపోయాను. "అమ్మా, ఆరోజు మా షాపులో కరెంటు పోయినప్పుడు పెట్టినట్టే దీని మీద చెయ్యి పెట్టు."

ఆమె నా ముఖంలోకి చూసింది. దబాయించలేదు. బుడ్డి వంచి కుడి అరచేతికి నూనె రాసుకుని, ముక్క మీద నిండుగా ఆనించింది. తడి జిగురు మీద చెయ్యి పడితే నూనె పాకి అచ్చు అసలు కంటే పెద్దదవుతుంది. తీశాక చూస్తే కుడి చెయ్యి. ముక్కను తిరగేసి రూబేనుకు చూపించాను. బొటనవేలు ఇటు నుంచి అటు పోయింది. ఎడమ చెయ్యి.

"నువ్వు చెప్తివి కదా, దీని కింద చేరింది నీళ్లకు పోదు, ఎండకు పోదు అని," అంది కరుణమ్మ నాతో. "జీపులో ఉండి విన్నా. బిడ్డ ఎట్టాగూ ఆగడు, కనీసం నా ప్రార్థనన్నా దాని మీద ఆగుతాదని పెట్టినా. బండిని ముట్టనన్నా, ముట్టలా. అప్పటికి అది బండి కాదు గదా."

రూబేనుకు ప్రాణం లేచి వస్తుందనుకున్నాను. పీడ వదిలిందని నవ్వుతాడనుకున్నాను. అతను ఆ ముక్క వైపు, కారు వైపు మార్చి మార్చి చూసి, చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు.

"అయితే అన్న రాలేదా?"

నేను బాగు చేశాననుకున్నది అతని దగ్గర నుంచి ఊడబెరికినట్టయింది. మరక ఎలా పడిందో కనిపెట్టడం మన పనే. కానీ దాన్ని చెప్పే ముందు, ఆ మనిషి ఆ మరకతో ఎలా బతుకుతున్నాడో కూడా చూడండి. నాకది ఆ గడప దగ్గర తెలిసింది.

కరుణమ్మ గడప వైపు ఒకసారి చూసుకుంది. దాటింది. కుర్చీ దగ్గరకు వచ్చి నూనె చేత్తోనే కొడుకు తల పట్టుకుంది.

"వాడు రాలేదు నాయనా. నేనొచ్చినా."

తర్వాత

ఆ ఫిల్మ్ పీకలేదు. లేపిన అంచు మళ్లీ అంటించి వచ్చేశాను. మార్చలేదని సుధాకర్ గారు కేకలు వేస్తే, క్లైమేట్ బాగాలేదు సార్ అన్నాను.

వాన కాలం పోయాక ఒకరోజు ఆ కారు కడిగించుకోవడానికి మా షాపుకు వచ్చింది. ఈసారి మామూలు వేగంతోనే వచ్చింది. అలవాటు కొద్దీ దాని వెనక రోడ్డు వైపు చూశాను. జీపు లేదు.

ఎడమ వైపు తలుపు తెరుచుకుంది. ఆ సీట్లు నేలకు ఆనుకుని ఉంటాయి, నాలాంటివాళ్లే లేవలేరు. కరుణమ్మ ముందు కాళ్లు బయట పెట్టి, ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో కొడుకు భుజం పట్టుకుని లేచి, తూలి, నిలదొక్కుకోవడానికి కుడి చెయ్యి బానెట్ మీద ఆనించింది. మోకాళ్లు సర్దుకునే దాకా అలాగే నిలబడింది. చెయ్యి తీశాక ఆ చెమ్మ అచ్చు నల్ల రంగు మీద కాసేపు కనిపించింది, బొటనవేలు సరైన వైపే ఉంది. సముద్రపు గాలి వస్తోంది. చూస్తుండగానే అది ఆరిపోయింది. అవతలి మూలన ఉన్నది మాత్రం అలాగే ఉంది.